లైటు వేస్తే రేడియో గర్రుమంటోందా?

దీపాలు పెట్టే వేళకి మీరు హాల్లో లైటు వేస్తారు, వసారాలో వేస్తారు, దేవుడి గదిలో వేస్తారు. అంతవరకూ చక్కగా పలుకుతున్న రేడియో ఒక్కసారిగా గర్రుమంటుంది. స్టేషను ఉన్నచోటే ఉంటుంది కాని మాట వినబడదు. ఎవరో పక్కన కూర్చుని మిక్సీలో కారప్పొడి కొడుతున్నట్టు ఒకటే రొద! స్టీరియోకి ఫోను తగిలించి పాటలు పెట్టుకునే వాళ్ళకైతే పాటకీ పాటకీ మధ్య సన్నగా 'జీ'మని ఈల. అప్పుడు ఇల్లాలు ఏం చేస్తుంది? రేడియో నెత్తిన ఒక్కటి వేస్తుంది. ఏరియలు లాగి అటూ ఇటూ తిప్పుతుంది. ఆఖరికి "పాతబడిపోయిందిలే" అని కట్టేస్తుంది. మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతుంటే, ఆ సెట్టుని పాతసామాన్లవాడికి వేసే ముందు నేను చెప్పేది కాస్త వినండి. తప్పు రేడియోది కాకపోవచ్చు. నెత్తిమీద వెలుగుతున్న ఎల్‌ఈడీ బల్బుది కావచ్చు.

నేనేమీ ఇంజినీరింగు చదివినదాన్ని కాదు. మాది నరసరావుపేట. వంటా వార్పూ, పిల్లల పెంపకం, మిరపకాయల రోజుల్లో ఏడాదికి సరిపడా కారం కొట్టించి జాడీలకెత్తటం, ఇదీ నా చదువు. కాని ఈ గర్రుమనే గోల వెంట నెల్లాళ్ళు పడ్డాను. పడటానికి కారణం మా అత్తగారు.

ఆవిడది గురజాల దగ్గర పల్లెటూరు. ఎనభై రెండేళ్ళు. నీటికాసుల జబ్బు ముదిరి రెండు కళ్ళూ దాదాపు పోయాయి. వెలుతురుందా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. అప్పట్నుంచి ఆవిడకి గడియారం, పేపరు, టీవీ, వీధరుగు మీది కబుర్లు అన్నీ రేడియోయే. భక్తిరంజని వినబడిందంటే కాఫీ వేళ. వార్తలైపోయాయంటే బిళ్ళ వేసుకునే వేళ. నాటకం వచ్చిన రాత్రి కథంతా నాకు మళ్ళీ చెబుతారు, నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ 'ఊ' కొట్టాలి. విజయవాడలో రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటికి అత్తగారికి అయిదారేళ్ళు. పెళ్ళయి కాపరానికి వచ్చాక, డెబ్భైల్లో, ఉషశ్రీగారు రేడియోలో రామాయణ భారతాలు చెబుతుంటే పొయ్యి మీద కూర మాడినా లేచేవారు కాదట! ఆ గొంతు ఎలా పలికేదో ఇప్పటికీ అని చూపిస్తారు. అటువంటి మనిషికి రేడియో అంటే కాలక్షేపం అని నేననను. చేతికర్ర లాంటిది.

పోయిన వేసంగిలో మేము ఇంటికి రంగులు వేయించి హాల్లో ఫాల్స్ సీలింగు పెట్టించాం. సీలింగు అంచు చుట్టూతా కనబడకుండా అమర్చిన ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్లు, గదికో కొత్త బల్బు, వసారాలో అత్తగారి మంచం పైన ఒకటి. ఇల్లు పెళ్ళివారిల్లులా కళకళలాడింది. నాలుగు రోజులు కాకుండానే అత్తగారు పిలిచారు.

"అమ్మాయ్, రేడియోలో ఏందో పురుగు జేరిందే. సందేళయితే చాలు, గీపెడతంది."

మావారు ఒకసారి విని, "అమ్మకి చెవులు కూడా మందగిస్తున్నట్టున్నాయి, సౌండు బాగా పెంచేస్తోంది" అన్నారు. (గోల మీద మాట వినబడాలంటే పెంచక ఏం చేస్తారండీ?) రిపేరు కొట్టతను నాలుగు రోజులు ఉంచుకుని, ఏదో కండెన్సరు మార్చానని డబ్బు తీసుకుని పంపాడు. వాళ్ళ కొట్లో బాగానే పలికిందట. ఇంటికొచ్చిన సాయంత్రమే మళ్ళీ గీ! మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "రేడియో ఎందుకమ్మా, ఆకాశవాణి వాళ్ళదే యాప్ ఉంది, నాయనమ్మకి ఫోన్లో వేసిస్తా" అన్నాడు. వాడి ప్రేమ వాడిది. కాని అద్దంలా నున్నగా ఉండే ఫోను మీద కళ్ళు కనబడని మనిషి వేలు ఎక్కడ పెట్టాలి? రేడియోకైతే కుడివైపు నాబు తిప్పితే సౌండు, 'టక్'మంటే ఆగినట్టు. యాభై ఏళ్ళుగా ఆ వేళ్ళకి అలవాటు.

ఒకరోజు చూద్దును కదా, రేడియో మీద తువ్వాలు కప్పి ఉంది. "ఏం అత్తయ్యా, పెట్టుకోలేదా?" అంటే, "ఎందుకులేవే, వినీ వినీ తలకాయ పోటు" అన్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆరింటికే పక్క దులిపించుకుని పడుకోవటం, అన్నం రెండు ముద్దలకి దించెయ్యటం, రాత్రి రెండింటికి లేచి "తెల్లారిందా అమ్మాయ్?" అని అడగటం. ఇంట్లో పెద్దవాళ్ళున్న అక్కయ్యలకి చెప్పక్కర్లేదు, ఆ తువ్వాలు చూస్తే నాకెలా ఉండేదో.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయింది. మా ఇన్వర్టరు బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది, ఇల్లంతా చీకటి. ఉక్కపోత. విసనకర్ర పట్టుకుని అత్తగారి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక ఆ తువ్వాలు తీసి రేడియో పెట్టాను. సెల్సు మీద కూడా నడిచే సెట్టు అది. విజయవాడ స్టేషను, మాకు 837 కిలోహెర్ట్జ్ మీద అందేది, కడిగిన ముత్యంలా వచ్చింది! అత్తగారు లేచి కూర్చున్నారు.

"బాగుజేయించావా ఏందే?"

పది నిమిషాలు విన్నాం. కరెంటొచ్చింది, మంచం పైన బల్బు వెలిగింది, ఆ క్షణంలోనే రేడియో గీపెట్టింది. నేను లేచి ఆ బల్బు ఆర్పాను. సగం గోల పోయింది. సగం అలాగే ఉంది. అప్పుడు తెలిసింది నాకు, పురుగు రేడియోలో లేదని.

మర్నాడు సాయంత్రం నేను చేసిన పని మీరూ చేసి చూడండి. పైసా ఖర్చు లేదు, అరగంట చాలు. రేడియో వైరు ప్లగ్గులోంచి తీసేసి సెల్సు వేయండి. మీడియం వేవ్ మీద మీకు బాగా అందే స్టేషను పెట్టండి. ఇంట్లో లైట్లన్నీ వేసి గోల ఎంతుందో ఒకసారి విని, మీటరు బోర్డు దగ్గర మెయిన్ ఆపేయండి. ఇన్వర్టరున్న వాళ్ళు దాన్ని కూడా ఆపాలి. గోల పోయిందా, దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. పోలేదా, పక్కింట్లోనో వీధి స్తంభం మీదో ఉన్నాడు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు మెయిన్ వేసి ఒక్కొక్క స్విచ్చీ వేస్తూ వినండి. ఒకరు స్విచ్చుల దగ్గర, ఒకరు రేడియో దగ్గర ఉంటే పని తేలిక. మా ఇంట్లో వినటానికి అత్తగారు కూర్చున్నారు. చెవులు మందగించాయన్న మనిషి ఒక్కో బల్బుకీ తీర్పు చెప్పారు. "ఇది బానే ఉంది." "ఇది కాస్తంత." "అమ్మో, ఇదే, ఇదే! ఆర్పెయ్!" మావారు పేపరు మడిచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు. ఏమీ అనలేదు.

లైట్లూ చార్జర్లూ అన్నీ కలిపి పద్నాలుగింటిలో నేరస్థులు మూడే! ఒకటి అత్తగారి నెత్తిమీది బల్బు. బజార్లో తోపుడుబండి మీద కొన్నది, పేరూ ఊరూ లేనిది. రెండోది, అన్నిటికన్నా ఘోరమైనది, ఫాల్స్ సీలింగు మీద కూర్చున్న స్ట్రిప్ లైట్ల అడాప్టరు. హాల్లో స్విచ్చి వేస్తే వసారాలో రేడియో మూగబోయేది. మూడోది లైటే కాదు, మా అబ్బాయి వదిలేసి వెళ్ళిన ఫోను చార్జరు. ఎవరూ వాడకపోయినా రోజంతా ప్లగ్గులోనే ఉండేది. మిగతా బల్బులూ ఎల్‌ఈడీలే, నోరు మెదపలేదు. దేవుడి గదిలో బుల్లి ఎర్ర దీపం మీద నాకు గట్టి అనుమానం ఉండేది, పాపం అదీ నిర్దోషే. కాబట్టి ఎల్‌ఈడీలన్నీ చెడ్డవని ఇల్లంతా పీకించకండి. మిక్సీ, ఇండక్షన్ పొయ్యి కూడా రేడియోని గోలపెట్టిస్తాయి కాని అవి మనం వాడినంతసేపే, పైగా అవి నడుస్తున్నట్టు మనకి తెలుస్తూనే ఉంటుంది. లైటు చడీచప్పుడూ లేకుండా చేస్తుంది, అదీ చిక్కు.

ఎందుకిలా అని మీకు అనిపిస్తుంది కదూ. మా తమ్ముడు మాచర్లలో కరెంటు పని చేస్తాడు, వాడు నాకర్థమయ్యేలా చెప్పాడు. పాత గుండు బల్బులో ఉండేది ఒక సన్నటి తీగ. కరెంటు పారితే కాగి వెలుగుతుంది, అంతకుమించి అందులో ఏ తంత్రమూ లేదు. ఎల్‌ఈడీకి అలా కుదరదు. దానికి తక్కువ వోల్టుల్లో, ఒకే దిక్కుగా పారే కరెంటు కావాలి. మన ఇళ్ళకొచ్చేదేమో 230 వోల్టులు, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. దీన్ని దానికి తగ్గట్టు మార్చటానికి బల్బు అడుగున, ఆ తెల్లటి గిన్నెలాంటి భాగంలో ఒక చిన్న సర్క్యూట్ పెడతారు. డ్రైవరంటారు దాన్ని. చాలా బల్బుల్లో ఆ డ్రైవరు కరెంటుని సెకనుకి వేల సార్లు వేస్తూ ఆపుతూ ఉంటుంది.

"అక్కా, నువ్వు స్విచ్చి వేస్తే రేడియోలో టిక్కుమంటుందే, విన్నావా? ఆ టిక్కు సెకనుకి యాభైవేలసార్లు జరుగుతందనుకో" అన్నాడు వాడు.

ఆ టిక్కులన్నీ కలిస్తే గర్రు. యాభైవేల దగ్గర మొదలైన మోత అక్కడితో ఆగదట. దానికి రెండింతల దగ్గర, మూడింతల దగ్గర, అలా మెట్లు మెట్లుగా లక్షల దాకా పాకుతుందట. మీడియం వేవ్ రేడియో ఉండేది సుమారు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకి అయిదు లక్షల పైనుంచి పదహారు లక్షల దాకా. పాకిన మోత సరిగ్గా వచ్చి అక్కడ కూర్చుంటుంది. బల్బు చిన్నదే కాని గోడల్లో పాకిన వైరింగంతా ఏరియల్లా మారి ఆ మోతని గదిగదికీ మోసుకుపోతుంది.

దీనికి విరుగుడు తయారుచేసేవాళ్ళకి తెలియక కాదు. డ్రైవరు ముందు ఒక తీగచుట్టా, ఒకటి రెండు కెపాసిటర్లూ పెడితే అవి మోతని లోపలే పట్టి ఉంచుతాయి, కాఫీ గుడ్డ పొడిని ఆపి డికాషన్ని వదిలినట్టు. చవక బల్బులో ముందుగా ఎగిరిపోయేది ఆ గుడ్డే. అది లేనంత మాత్రాన వెలుగు తగ్గదు. కొట్లో మనం వెలుగు చూస్తాం కాని మోత వినం కదా! రేడియోలకి అడ్డం వచ్చే ఈ గోల గురించి పట్టించుకోవటానికి 1934లోనే దేశదేశాల వాళ్ళు కలిసి 'సిస్పర్' అని ఒక కమిటీ పెట్టుకున్నారు. దీపాలు ఎంతవరకు మోత పెట్టవచ్చో ఆ కమిటీ పదిహేనో నంబరు ప్రమాణంలో రాసి ఉంది. రాసి ఉండటం ఒకటి, తోపుడుబండి బల్బు దాన్ని పాటించటం ఒకటీను.

ఇంకో సంగతి. మా ఇంటికొచ్చిన పిల్లలు "మాకేం గోల వినబడటం లేదే" అనేవారు. వాళ్ళు వినేది ఎఫ్ఎం. మీడియం వేవ్‌లో మాట అల ఎత్తుపల్లాలుగా వస్తుంది. బల్బు గోల కూడా ఎత్తుపల్లాల్లోనే కలుస్తుంది కాబట్టి, బియ్యంలో తెల్లరాయి కలిసినట్టు, రేడియో దాన్ని ఏరలేదు. ఎఫ్ఎంలో మాట వచ్చే తీరు వేరు. అల ఎత్తు ఎప్పుడూ ఒకేలా ఉండి, దాని ఊగుడు వేగం మాత్రం మాటని బట్టి మారుతుంది. ఎత్తులో ఏ తేడా వచ్చినా అది గోలేనని సెట్టు చాలావరకు కత్తిరించి పారేస్తుంది, కందిపప్పులో రాయి ఏరినట్టు. అందుకని ఈ బాధ మీడియం వేవ్ వినేవాళ్ళకే ఎక్కువ. ఇళ్ళల్లో మీడియం వేవ్ వినేది ఎవరు? పెద్దవాళ్ళే. వాళ్ళు గోల అంటే మనం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళతామంటాం!

అలాగని పాత గుండు బల్బులు మళ్ళీ తెచ్చుకుందామా? నేనైతే తెచ్చుకోను. 60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్లు కూడా కావు. నీలిరంగు ఎల్‌ఈడీ కనిపెట్టి ఈ తెల్లటి వెలుగుకి దారి చేసిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారంటే ఊరికే ఇచ్చారా? ఆ రోజుల్లోనే, 2014-15లో, అప్పటికింకా పల్నాడు విడిపోని మన గుంటూరు జిల్లాలో, పాత బల్బులు తీసుకుని ఇంటికి రెండేసి ఎల్‌ఈడీలు పది రూపాయల చొప్పున ఇచ్చారు, గుర్తుందా? మా ఇంట్లో వాటిలో ఒకటి మొన్నమొన్నటిదాకా వెలిగింది.

ఇక మేము చేసిన వైద్యం. చార్జరు పీకేశాం, అది తేలిక. తర్వాత మంచం మీది బల్బు. ఈసారి కొనేటప్పుడు చిన్న ట్రాన్సిస్టరు సంచిలో వేసుకుని ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళాను. బల్బు వెలిగించి చూపిస్తారు కదా, అప్పుడు మూరెడు దూరంలో రేడియో పెట్టి విన్నాను. షాపులో కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. నవ్వితే నవ్వాడు, నాలుగు రకాలు వెలిగించి చూపించాడు. షాపులో మిగతా లైట్ల గోల కూడా ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క బల్బూ వేసినప్పుడూ ఆర్పినప్పుడూ తేడా ఎంతో చూసుకోవాలి. రెండు బల్బులకి ఏ తేడా లేదు, ఒకదానికి కాస్త, ఒకదానికి చెవులు గింగుర్లెత్తాయి. అట్ట మీద తయారీదారు పేరు, చిరునామా, బి.ఐ.ఎస్. వారి గుర్తు, ఐ.ఎస్. 16102 అన్న అంకె ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ నంబరు ముఖ్యంగా బల్బు భద్రతకి సంబంధించింది, మోత పెట్టదని హామీ కాదు. మోత సంగతి మీ రేడియోయే చెప్పాలి.

మూడోది సీలింగు అడాప్టరు. దీనికి మా తమ్ముడే మాచర్ల నుంచి రావాల్సి వచ్చింది. ఆ అడాప్టరు తీసేసి, రేకు డబ్బాలో బిగించిన మంచి రకం పెట్టాడు. అప్పటికీ కొంచెం సన్నగా వినబడుతుంటే, నల్లటి ఫెర్రైటు రింగు ఒకటి తెచ్చి అడాప్టరుకి వచ్చే వైరుని దాంట్లోంచి ఆరేడు చుట్లు తిప్పాడు. పాత కంప్యూటరు మానిటరు వైరు చివర ఉండ్రాయిలా ఉబ్బెత్తుగా ఉంటుందే, అందులో ఉండేది అదే సరుకు. ఊరికే క్లిప్పులా తగిలించి ఒక్క చుట్టుతో వదిలేస్తే మీడియం వేవ్‌కి పెద్దగా లాభం ఉండదట. చుట్లు రెట్టింపు చేస్తే బలం నాలుగింతలవుతుందని చెప్పాడు. గోల పుట్టేచోటే, అడాప్టరుకి దగ్గరగానే తిప్పాలట. ఇది మాత్రం మెయిన్ ఆపి తెలిసినవాళ్ళు చేయాల్సిన పని. మీరు కుర్చీ ఎక్కి సీలింగులో చెయ్యి పెట్టకండి. బల్బు మూత ఊడదీసి లోపల చూద్దామని కూడా అనుకోకండి, ఆర్పిన తర్వాత కూడా లోపలి కెపాసిటరు షాకు కొట్టవచ్చు.

ఏదీ మార్చలేని అద్దె ఇళ్ళవాళ్ళు ముందు రేడియోని జరపండి. లైటుకీ, గోడలో వైరు పోయే చోటుకీ, స్విచ్చు బోర్డుకీ దూరంగా. అడుగు దూరంలో ఉన్నదాన్ని ఆరడుగులకి జరిపితే గోల చెప్పలేనంత తగ్గుతుంది. తర్వాత రేడియోని ఉన్నచోటనే గుండ్రంగా మెల్లగా తిప్పి చూడండి. పైకి లాగే స్టీలు ఏరియలు ఎఫ్ఎంకి, షార్ట్ వేవ్‌కి. మీడియం వేవ్‌కి ఏరియలు సెట్టు లోపలే అడ్డంగా పడుకుని ఉంటుంది, తీగ చుట్టిన నల్లటి కడ్డీ. దాని రెండు కొసల వైపు నుంచి వచ్చేది దానికి సరిగ్గా వినబడదు. ఆ కొస గోలవైపు తిరిగేలా పెట్టామంటే గోలకి చెవులు మూసినట్టే! మాకు విజయవాడ దాదాపు తూర్పున, కొంచెం ఈశాన్యంగా ఉంటుంది. సెట్టు ముఖం తూర్పుకి పెట్టి కొద్దికొద్దిగా తిప్పితే ఒకచోట స్టేషను నిలబడి గోల కుంగింది. అత్తగారికి కనబడదు కాబట్టి ఆ స్థానంలో బల్ల మీద సెట్టు మూలలకి రెండు గాజు ముక్కలు అంటించాను. తడిమి అక్కడికే జరుపుకుంటారు.

స్టీరియో గోల వేరే కథ. అది మావారి ఆస్తి. పెళ్ళయిన కొత్తల్లో కొన్న సెట్టు, రెండు పెద్ద స్పీకర్లు, ఇప్పుడు దానికి ఫోను తగిలిస్తారు. అమ్మ రేడియో గోల పట్టనాయన తన స్టీరియో 'జీ'మనేసరికి నా దగ్గరికే వచ్చారు! దీనికి పరీక్ష ఇలా చేయాలి. ఫోను నుంచి వచ్చే వైరు స్టీరియోలోంచి పీకేయండి. 'జీ' ఆగిపోతే ఆ వైరే తెస్తోంది. పొట్టిది, లావుపాటిది, పైన జాలీ తొడుగున్నది వాడండి, కరెంటు వైర్ల పక్కనే పోనివ్వకండి. ఫోను చార్జింగులో ఉన్నప్పుడే మోగుతుంటే చార్జరుదే పాపం. వైరు పీకినా మోగుతుంటే కరెంటు దారినే వస్తోంది, వేరే గదిలో ప్లగ్గు నుంచి ఇచ్చి చూడండి. స్పీకరు వైర్లు మరీ పొడుగై చుట్టలు చుట్టి ఉంటే కోసి పొట్టి చేయించండి. మా ఇంట్లో ఫోను వైరుదే తప్పు. సన్నగా కాకుండా 'గుంయ్'మని బరువుగా మోగితే అది ఎర్తుకి సంబంధించిన తగాదా కావచ్చు. దాన్ని ఆపటానికి కొందరు ప్లగ్గులో మూడో పిన్ను తీసేసి వాడమని సలహా ఇస్తారు. మోత ఆగుతుందేమో కాని, సెట్టులో ఏదైనా తేడా వస్తే పట్టుకున్న మనిషిని కాపాడేది ఆ పిన్నే. దాని జోలికి పోకండి.

ఇన్ని చేశాక కూడా రాత్రి ఏడు నుంచి పదింటి వరకు ఒక సన్నటి గర్రు మిగిలిపోయింది. మెయిన్ ఆపినా పోదు. సెల్సు రేడియో పట్టుకుని ప్రహరీ వెంట నడిచాను. తూర్పు గోడ దగ్గరికి వచ్చేసరికి పెరిగింది. పక్కింటి వాళ్ళ గేటు దీపం! ఇది కాస్త నాజూకు వ్యవహారం. "మీ లైటు వల్ల మా రేడియో పాడవుతోంది" అంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టుకుని, రెండో చేత్తో రేడియో పట్టుకుని వెళ్ళాను. "వదినా, ఒకసారి మీ గేటు లైటు ఆర్పుతారా, చిన్న తమాషా చూపిస్తా" అన్నాను. ఆవిడ ఆర్పింది, రేడియో మాట్లాడింది. వేసింది, గర్రుమంది. నాలుగుసార్లు తనే వేసి ఆర్పి చూసుకుని, "ఓయబ్బో, మా ఆయన మీడియం వేవులో వార్తలు రావటం లేదని ఆర్నెల్లుగా సణుగుతుంటే నేను పట్టించుకోలేదు కదా" అంది. మర్నాడే మార్పించారు. వీధి దీపం గోలపెడితే మాత్రం ఇలా పచ్చడితో తేలదు. స్తంభం నంబరు వేసి మున్సిపాలిటీకి అర్జీ రాసి ఇవ్వాలి. ఏ వేళప్పుడు మోగుతుందో, ఎంత దూరం వినబడుతుందో కూడా రాయండి.

తువ్వాలు ఇప్పుడు దండెం మీద ఉంటోంది. అత్తగారు తొమ్మిదింటిదాకా మేలుకుని ఉంటున్నారు, నేను మళ్ళీ 'ఊ' కొడుతున్నాను. ఇంటికి ఏ కొత్త దీపం వచ్చినా ముందు ఆవిడ దగ్గరికే వెళుతుంది. మొన్న శివరాత్రికి కోటప్పకొండ ప్రభల సందడి చూసొచ్చిన మా మరిది పిల్లలు, ప్రభ మీది దీపాల్లా మన గేటుకీ కడదామని మూడు రకాల రంగుల దండలు కొనుక్కొచ్చారు. వసారాలో ఒక్కొక్కటే వెలిగించారు. అత్తగారు రేడియో ఒళ్ళో పెట్టుకుని, తల వంచి విన్నారు.

"మొదటిది పర్లేదు. రెండోది తీసుకుపోయి ఇచ్చెయ్యండ్రా, చెవులు తినేస్తంది. మూడోది కట్టుకోండి." ఆ మాటని నాబు తిప్పారు. "ఇంక గోల చెయ్యకండి, వార్తల టైమయింది."